నాలుగు పేర్లు, ఒకే విమానం: కోడ్‌షేర్ వల్ల పోటీ పెరుగుతుందా, తరుగుతుందా?

కిటికీసీటు
రెండు ఖండాల మధ్య ప్రయాణానికి టికెట్ వెతుకుతుంటే, ఛార్జీలు పోల్చి చూపే వెబ్‌సైటులో ఒకే నిమిషానికి బయలుదేరి ఒకే నిమిషానికి దిగే విమానాలు నాలుగు కనిపించాయి. నాలుగింటికీ నాలుగు సంస్థల పేర్లు, నాలుగు వేర్వేరు నంబర్లు, నాలుగు ధరలు ఉన్నాయి. బాగా తెలిసిన పేరన్న ఒక్క కారణంతో నేను మూడోది కొన్నాను. విమానాశ్రయానికి వెళ్లాక గాని ఆ నాలుగూ ఒకే విమానమని తెలియలేదు. దాన్ని నడిపే సంస్థ దగ్గర నేరుగా కొన్న నా పక్క సీటాయన నాకంటే దాదాపు ఐదో వంతు తక్కువ చెల్లించాడు. ఎవరు నడుపుతారో టికెట్ మీద చిన్న అక్షరాలలో రాసే ఉంది, చూసుకోకపోవడం నా తప్పేనని ఒప్పుకుంటాను. డబ్బు వెనక్కి రప్పించుకొనే మార్గం కోసం నేను ఇక్కడికి రాలేదు. నాలుగు కొట్లు తిరిగి బేరం చూసుకున్నాననుకున్నాను, తీరా ఉన్నది నాలుగు తలుపులున్న ఒకే కొట్టు. దీన్ని పోటీ అని ఎలా అంటారో, అధికారులు ఎలా అనుమతిస్తున్నారో తెలిసినవారు చెప్పగలరా?

మధ్యసీటు
అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం గాని, అదే సొమ్మును అత్తకంటే ఎక్కువ ధరకు అల్లుడు అమ్ముకోవడం ఇప్పుడే వింటున్నాను.

పాతకౌంటర్
టికెట్ రిజర్వేషన్ల పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిని కాబట్టి ముందు ధరల సంగతి చెబుతాను. విమానం నడిపేది ఒక సంస్థ, తమ రెండక్షరాల కోడ్ తగిలించుకొని అందులో సీట్లు అమ్ముకొనేవి వేరే సంస్థలు. దీన్నే కోడ్‌షేర్ అంటారు. ఈ అమ్మకం ముఖ్యంగా రెండు పద్ధతుల్లో సాగుతుంది. ఫ్రీ సేల్ అనే పద్ధతిలో సీట్లన్నీ నడిపే సంస్థ చేతిలోనే ఉంటాయి. భాగస్వామి తన దగ్గరికి కొనుగోలుదారు వచ్చిన ప్రతిసారీ ఆ సంస్థ కంప్యూటర్‌ను అడిగి ఒక్కో సీటు తీసుకుంటుంది. బ్లాక్ స్పేస్ అనే పద్ధతిలో భాగస్వామి ఫలానా ఇన్ని సీట్లని ముందే టోకున కొనేసి, అవి అమ్ముడుపోకపోతే ఆ నష్టాన్ని తానే భరిస్తుంది.

ఒకే రకం సీట్లకు సంస్థలు పెట్టుకొనే వేర్వేరు ధరల మెట్లను ఛార్జీ తరగతులంటారు, ఒక్కోదానికి ఒక అక్షరం. ఫ్రీ సేల్‌లో ఒక సంస్థ ఛార్జీ తరగతులను రెండోదాని తరగతులతో జతపరిచే పట్టిక ఒకటి ఉంటుంది. నడిపే సంస్థ దగ్గర చవక తరగతిలో ఇంకా సీట్లు ఉన్నా, పట్టికలో దానికి జత లేకపోతే భాగస్వామి వెబ్‌సైటులో మీకు దానిపై తరగతి ధరే కనిపిస్తుంది. మీరు ఎక్కువ చెల్లించడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉండాలి. ఇందులో కుట్ర పాలు తక్కువ, బద్ధకం పాలు ఎక్కువ. ఒక్కోసారి వ్యవహారం తిరగబడి భాగస్వామి దగ్గరే చవకగా దొరుకుతుంది కూడా.

ఇంకొక చిన్న గుర్తు చెబుతాను. సంస్థలు సొంత విమానాలకు చిన్న నంబర్లు ఉంచుకొని, కోడ్‌షేర్ విమానాలకు వేలల్లో నంబర్లు ఇవ్వడం పరిపాటి. ఇది నియమం కాదు, అలవాటు మాత్రమే. అయినా ఫ్లైట్ నంబరులో నాలుగు అంకెలు కనిపిస్తే ఒకసారి అనుమానించండి.

లెక్కలపుస్తకం
పాతకౌంటర్ గారు చెప్పింది ఒక టికెట్ ధర సంగతి, కిటికీసీటు గారు అడిగింది పోటీ సంగతి. రెండోదానికి జవాబు, ఆ రెండు సంస్థల మార్గాలు కొసకు కొస అతుక్కుంటున్నాయా, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అన్నదాన్ని బట్టి మారుతుంది.

కొసకు కొస అతుక్కొనే సందర్భాన్ని ముందు చూడండి. క అనే నగరం నుంచి గ వరకు ఒక సంస్థ, గ నుంచి చ వరకు మరో సంస్థ నడుపుతున్నాయి, మీకు క నుంచి చ వెళ్లాలి. ఒప్పందం లేనప్పుడు ఎవరి ముక్క మీద వారు లాభం వేసుకుంటారు. తాను ధర పెంచితే అవతలి సంస్థకు కూడా ప్రయాణికులు తగ్గుతారన్న నష్టం మొదటి సంస్థ లెక్కలోకి రాదు, కాబట్టి ఇద్దరూ పెంచవలసినదానికంటే ఎక్కువే పెంచుతారు. ఫ్రెంచి గణితవేత్త కూర్నో 1838లోనే దీన్ని ఇత్తడి ఉదాహరణతో చూపించాడు. ఇత్తడికి రాగీ కావాలి, తుత్తునాగమూ కావాలి. ఈ రెండూ ఇద్దరు వేర్వేరు గుత్తాధిపతుల చేతుల్లో ఉన్నప్పటి ఇత్తడి ధర, రెండూ ఒక్కడి చేతిలో ఉన్నప్పటి ధరకంటే ఎక్కువగా ఉంటుంది. గుత్తాధిపత్యాన్ని ఎవరూ మెచ్చుకోరు గాని, రెండు వరుస గుత్తాధిపత్యాలకంటే ఒకటి నయమన్న మాట.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. సంస్థ మారవలసివచ్చే అంతర్జాతీయ ప్రయాణాల ఛార్జీలను పరిశీలించి ఆర్థికవేత్త బ్రూక్నర్ 2003లో ప్రచురించిన పత్రం ప్రకారం, కోడ్‌షేర్ ఉన్నచోట ఛార్జీ 8 నుంచి 17 శాతం తక్కువగా ఉంది. భాగస్వాములు కలిసి ధర నిర్ణయించుకోవడానికి పోటీ చట్టం నుంచి మినహాయింపు కూడా పొందినచోట, ఆ మినహాయింపు వల్ల మరో 13 నుంచి 21 శాతం తగ్గింది.

నీలిరెక్క
ఇత్తడి కథ బాగుంది. కాని ఇద్దరూ రాగే అమ్ముతున్నవాళ్లయి ఉండి, వాళ్లిద్దరూ కలిస్తే ఏమవుతుందో కూడా చెప్పవలసింది. ఈ ఒప్పందాల గురించి సంస్థలు చేసే ప్రకటనలన్నీ "మరిన్ని గమ్యాలు, సులభమైన కనెక్షన్లు" అంటూ మొదటి రకం గురించే మాట్లాడతాయి. రెండో రకం ఒప్పందాలు కూడా ఆ ప్రకటనల చాటునే నడుస్తాయి.

బ్రస్సెల్స్, లిస్బన్ మధ్య ఏం జరిగిందో చూడండి. ఆ మార్గంలో బ్రస్సెల్స్ ఎయిర్‌లైన్స్, పోర్చుగల్‌కు చెందిన టాప్ మాత్రమే పరస్పరం పోటీపడుతుండేవి. తర్వాత ఒకరి విమానాలలో మరొకరు పరిమితి లేకుండా సీట్లు అమ్ముకొనేలా కోడ్‌షేర్ కుదుర్చుకున్నాయి. సీట్ల సంఖ్య తగ్గించడం గురించి, ధరల విధానాన్ని ఒకటి చేయడం గురించి చర్చించుకొని అమలు కూడా చేశాయన్నది తన ప్రాథమిక అభిప్రాయమని యూరోపియన్ కమిషన్ 2016 అక్టోబరులో ఆ రెండు సంస్థలకూ అభియోగపత్రం పంపింది. అతుక్కోవడానికి అక్కడ వేరే కొసలు లేవు. ఒకే దారి మీద తిరిగే రెండు విమానాలున్నాయి, అంతే.

చట్టంచూపు
నీలిరెక్క గారు కథలో సగమే చెప్పారు. ఆ కేసును కమిషన్ తర్వాత మూసివేసింది, ఎందుకంటే సేకరించిన ఆధారాలు ఆ అభిప్రాయాన్ని నిరూపించడానికి చాలలేదు. అభియోగపత్రాన్ని తీర్పులా చదవకూడదు.

నీలిరెక్క
దిద్దుబాటును అంగీకరిస్తున్నాను. అయినా ఆధారాలు చాలకపోవడమే నా భయం. ఇద్దరే ఉన్న మార్గంలో ఇద్దరూ ఒకరి సీట్లు ఒకరు అమ్ముకుంటుంటే, రహస్యంగా కూర్చొని ధర మాట్లాడుకోవలసిన అవసరమే ఉండదు. అవతలివాడి విమానం ఎంత నిండిందో, ఏ తరగతి మూసుకుందో అమ్మకం కోసమే కంప్యూటర్ చెబుతుంటుంది. ఇక ధర తగ్గించి ఎవరి ప్రయాణికులను ఎవరు లాక్కోవాలి?

పాతకౌంటర్
అంత స్పష్టంగా ఏమీ కనిపించదండి. ఫ్రీ సేల్‌లో ఫలానా తరగతిలో సీటు ఉందా లేదా అన్న జవాబు వస్తుంది, పుస్తకం మొత్తం తెరిచి చూపరు. అయితే రోజుకు వేలసార్లు అడిగేవాడికి చిత్రం అర్థం కాదని కూడా నేను అనలేను.

లెక్కలపుస్తకం
ఈ విషయంలో బ్లాక్ స్పేస్‌కు కొంత మెరుగైన స్వభావం ఉంది. సీట్లు ముందే కొనేసుకున్నవాడికి అవి ఖాళీగా పోతే సొంత డబ్బు పోతుంది, కాబట్టి ధర తగ్గించైనా అమ్ముకోవాలన్న ఒత్తిడి ఉంటుంది. ఫ్రీ సేల్‌లో భాగస్వామికి ఆ ఒత్తిడి లేదు. కిటికీసీటు గారి నాలుగు తలుపుల్లో ఒకటైనా బ్లాక్ స్పేస్ అయి ఉంటే, ఆ తలుపును మాత్రం కొంతవరకు వేరే కొట్టుగానే లెక్కపెట్టవచ్చు.

తోకచుక్క
మీరంతా ధర దగ్గరే ఆగిపోయారు. నాకు జరిగింది వేరు. ఒక సంస్థ పేరు మీద కొన్న టికెట్‌తో మరో సంస్థ విమానం ఎక్కాను, సామాను రాలేదు. నడిపినవాళ్లు "టికెట్ మాది కాదు" అన్నారు, అమ్మినవాళ్లు "విమానం మాది కాదు" అన్నారు. తొమ్మిది రోజులు ఇద్దరి మధ్య బంతిలా తిరిగాను. పోటీలో ఉన్న ఇద్దరూ నా బాధ్యతను ఒకరి మీదకు ఒకరు నెట్టుకోవడంలో మాత్రం చక్కగా పోటీపడ్డారు.

చట్టంచూపు
తోకచుక్క గారికి ఇద్దరూ తప్పే చెప్పారు. 1999 మాంట్రియల్ ఒప్పందంలోని ఐదో అధ్యాయం సరిగ్గా ఇలాంటి పరిస్థితి కోసమే రాశారు. టికెట్ అమ్మిన సంస్థ మొత్తం ప్రయాణానికి, నిజంగా నడిపిన సంస్థ తాను నడిపిన భాగానికి బాధ్యత వహించాలి. ప్రయాణికుడు తనకు నచ్చినవారి మీద, కావాలంటే ఇద్దరి మీదా దావా వేయవచ్చు. తర్వాత వాళ్లిద్దరూ లెక్కలు చూసుకోవడం వాళ్ల తలనొప్పి.

ఆలస్యాల విషయంలో యూరప్ న్యాయస్థానం ఇంకా ముందుకు వెళ్లింది. ప్రాగ్ నుంచి అబూధాబీ మీదుగా బ్యాంకాక్‌కు ఒకే బుకింగ్‌లో ప్రయాణించిన కొందరి విషయంలో, మొదటి అంచెను చెక్ ఎయిర్‌లైన్స్ సకాలంలోనే నడిపింది. రెండో అంచె కోడ్‌షేర్ భాగస్వామి ఎతిహాద్ నడిపినది, అది 488 నిమిషాలు ఆలస్యమైంది. పరిహారం మొదటి అంచె నడిపిన చెక్ ఎయిర్‌లైన్స్ చెల్లించవలసిందేనని 2019 జులైలో తీర్పు వచ్చింది.

తోకచుక్క
తొమ్మిది రోజుల్లో ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. సామాను వచ్చింది లెండి, చక్రం ఒకటి లేకుండా.

మధ్యసీటు
చక్రం కూడా ఎవరితోనో కోడ్‌షేర్‌లో ఉండి ఉంటుంది.

కిటికీసీటు
పేరు చిన్న అక్షరాలలో ఉండటం అన్నిచోట్లా చెల్లుతుందా? నడిపేది ఎవరో ముందే పెద్దగా చెప్పాలని నియమం ఏదీ లేదా?

చట్టంచూపు
ఉంది. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫలో దగ్గర కోల్గాన్ ఎయిర్ విమానం కూలి, నేలమీదున్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. ఆ విమానం టికెట్లు కాంటినెంటల్ కనెక్షన్ పేరు మీద అమ్మారు. ఆ తర్వాత 2010లో వచ్చిన చట్టం, వెబ్‌సైటులో వెతికిన వెంటనే కనిపించే మొదటి తెరమీదే నడిపే సంస్థ పేరు చూపాలని ఆదేశించింది. యూరప్‌లో 2005 నాటి 2111వ నియంత్రణ కూడా బుకింగ్ సమయంలోనే ఆ పేరు తెలపాలంటుంది. అక్షరాలు ఎంత చిన్నవిగా ఉండవచ్చన్న చోటే మన చూపుకు పరీక్ష.

పాతకౌంటర్
తెర అన్నారు కాబట్టి ఒక పాత సంగతి చెప్పాలి, కోడ్‌షేర్ ఇంతగా ఎందుకు పెరిగిందో అందులో ఉంది. చిన్న విమానాలు నడిపే సంస్థలు పెద్ద సంస్థ పేరు వాడుకోవడం 1967లో అమెరికాలో అలెఘెనీ సంస్థతోనే మొదలైంది గాని, అసలు ఊపు 1980ల మధ్యలో వచ్చింది. అప్పట్లో రిజర్వేషన్ కంప్యూటర్లు పెద్ద విమాన సంస్థల సొంతం. ఏజెంటు ఎక్కువగా మొదటి తెరమీద కనిపించినవే బుక్ చేసేవాడు, రెండో తెరకు వెళ్లే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. 1984లో ప్రభుత్వం తెరమీది పక్షపాతాన్ని నిషేధించింది. కాని మధ్యలో సంస్థ మారే ప్రయాణంకంటే ఒకే సంస్థ కోడ్ మీద సాగే ప్రయాణాన్ని పైన చూపించే పద్ధతి మిగిలిపోయింది. దాంతో ఏం చేశారంటే, చిన్న సంస్థ విమానానికి పెద్ద సంస్థ కోడ్ తగిలించారు. విమానం మారలేదు, విమానాశ్రయంలో నడవవలసిన దూరం మారలేదు, తెరమీది చోటు మాత్రం మారింది.

కిటికీసీటు గారికి నాలుగు వరుసలు కనిపించడం కూడా ఆ జబ్బు కొనసాగింపే. ఒకే ప్రయాణం నాలుగు పేర్లతో నాలుగు వరుసలు ఆక్రమిస్తే, ఒప్పందం లేని ఐదోవాడు కిందికి జారిపోతాడు. అందుకే యూరప్‌లో రిజర్వేషన్ వ్యవస్థలకు 2009లో తెచ్చిన ప్రవర్తనా నియమావళి ప్రకారం ఒక కోడ్‌షేర్ విమానాన్ని రెండు పేర్లకు మించి విడివిడిగా చూపకూడదు.

రన్‌వేచివర
ఆ జారిపోయిన ఐదోవాడి దగ్గర పనిచేసినవాణ్ని నేను. సంస్థ పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. మాకు ఒక పెద్ద హబ్ వరకు, అంటే మరో సంస్థ తన ప్రయాణికులను ఒక విమానం నుంచి ఇంకోదానికి మార్చే ప్రధాన విమానాశ్రయం వరకు, రోజుకు మూడు విమానాలుండేవి. మా ప్రయాణికుల్లో సగానికి పైగా అక్కడ దిగి హబ్ సంస్థ విమానాలు ఎక్కేవాళ్లు, ఆ సంస్థతో మాకు కోడ్‌షేర్ ఉండేది. ఒక ఏడాది ఆ సంస్థ మా మార్గంలోనే తమ కూటమిలోని మరొకరితో కోడ్‌షేర్ కుదుర్చుకొని, మాతో ఉన్నదాన్ని పొడిగించలేదు. మా విమానాలు అవే, సమయాలు అవే, ధరలు ఇంకొంచెం తక్కువే. కాని మా టికెట్ కొన్నవాడు హబ్‌లో సామాను తీసుకొని మళ్లీ చెకిన్ చేయాలి, మా విమానం ఆలస్యమైతే తర్వాతిది తన ఖర్చుతో కొనుక్కోవాలి. ఏడాదిన్నరలో మార్గం మూసేశాం. కోడ్‌షేర్ వల్ల ధర తగ్గిందని లెక్కలపుస్తకం గారు చూపిన శాతాల్లో, ఇలా మూతపడినవాళ్ల లెక్క ఎక్కడ కనిపిస్తుంది?

లెక్కలపుస్తకం
న్యాయమైన ప్రశ్న. ఉన్న ఛార్జీలను పోల్చే అధ్యయనంలో, లేకుండా పోయిన పోటీదారు కనిపించడు. అటువైపు చూసిన పనీ ఉంది. అమెరికాలో తక్కువ ధరల విమాన సంస్థ సౌత్‌వెస్ట్ ఒక మార్గంలోకి వచ్చే ప్రమాదం కనిపించినప్పుడు, అక్కడ ముందునుంచీ ఉన్న సంస్థలు తమలో తాము కోడ్‌షేర్ కుదుర్చుకొనే అవకాశం పెరుగుతుందని గోయెట్జ్, షాపిరో 2012లో చూపించారు. అంటే ప్రయాణికుడికి కొత్త గమ్యాలు కలపడం కోసమే కాక, గుమ్మం ముందు నిలబడ్డవాణ్ని రానివ్వకుండా ఉండటం కోసం కూడా ఈ సాధనం వాడతారన్న మాట.

నా మొదటి పోస్టులోని శాతాలకు ఒక హద్దు కూడా గీయాలి. అవి సంస్థ మారే ప్రయాణాలవి. నేరుగా వెళ్లే మార్గంలో పోటీదారులిద్దరూ కలిసినప్పుడు ఏమవుతుందో వాటి నుంచి తేల్చకూడదు. అయినా ఒక మాట మీద నిలబడతాను. అమెరికా దేశీయ మార్గాల మీద ఇతో, లీ 2007లో ప్రచురించిన పనిలో, ప్రయాణం మొత్తం ఒకే సంస్థ నడిపి టికెట్ మాత్రం భాగస్వామి అమ్మే కోడ్‌షేర్లే అత్యధికమని తేలింది. అవే సీట్లను నడిపే సంస్థ సొంత పేరు మీద అమ్మే ధరకంటే ఆ టికెట్లు సగటున చవకగా ఉన్నాయి. పేరున్న సబ్బునే పేరులేని పొట్లంలో తక్కువకు అమ్మడం లాంటిది. కిటికీసీటు గారి అనుభవం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది, కాబట్టి ఒక్క టికెట్‌తో సిద్ధాంతం కట్టవద్దని నా మనవి.

కిటికీసీటు
పొట్లం మీద పేరున్నది నాకు, సబ్బు చవకగా దొరికింది పక్కసీటాయనకు. అది నా ప్రారబ్ధం అనుకుంటాను.

ఊరికేచదువరి
నేను ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. ఒక్క సందేహం. ఇన్ని తిప్పలు పడేబదులు ఈ సంస్థలు నేరుగా విలీనం అయిపోవచ్చు కదా?

చట్టంచూపు
దేశాల సరిహద్దులు దాటి విలీనం కావడం దాదాపు అసాధ్యం. అమెరికా విమాన సంస్థలో విదేశీయులకు ఓటు హక్కున్న వాటాలు 25 శాతం మించకూడదు, యూరోపియన్ యూనియన్‌లో బయటివారికి 49 శాతం హద్దు. ఒక దేశం లోపలి మార్గాలను విదేశీ సంస్థ నడపడానికి సాధారణంగా అనుమతించరు. 1944 షికాగో ఒప్పందం నాటినుంచి ఎవరు ఎక్కడికి ఎగరవచ్చన్నది దేశాల మధ్య ఒడంబడికలతోనే తేలుతుంది. పెళ్లికి చట్టం ఒప్పుకోనిచోట సహజీవనం పెరిగిందనుకోండి.

అమెరికా, నెదర్లాండ్స్ 1992లో తమ మధ్య ఇరువైపుల సంస్థలూ స్వేచ్ఛగా ఎగరవచ్చన్న ఓపెన్ స్కైస్ ఒడంబడిక చేసుకున్నాక 1993 జనవరిలో కేఎల్ఎం, నార్త్‌వెస్ట్ సంస్థలకు పోటీ చట్టం నుంచి మినహాయింపు దొరికింది. 1997లో స్టార్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ కూటములు పుట్టాయి. ఇక్కడొక తేడా గుర్తుంచుకోవాలి. మామూలు కోడ్‌షేర్‌లో ఎవరి ధర వారే నిర్ణయించుకోవాలి, కలిసి నిర్ణయిస్తే నేరమవుతుంది. మినహాయింపు పొందిన ఉమ్మడి వ్యాపారంలో ధర, సమయాలు, ఆదాయం అన్నీ కలిపేసుకుంటారు, ప్రయాణికుడు ఎవరి విమానం ఎక్కినా ఇద్దరికీ ఒకటే. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండుచోట్లా టికెట్ మీద రాసేది "నడుపుతున్నవారు ఫలానా" అన్న ఒక్క వాక్యమే.

నీలిరెక్క
ఒకే తానులో ముక్కలు. ముందు కోడ్‌షేర్ అంటారు, కొన్నేళ్లకు ఆదాయం పంచుకోవడం అంటారు, తర్వాత మినహాయింపు అడుగుతారు. ప్రతి మెట్టూ దాని కిందిదానికంటే పెద్ద ఎత్తుగా ఏమీ కనిపించదు.

చట్టంచూపు
అధికారులు అన్ని మెట్లూ ఎక్కనిచ్చారనడం సరికాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, జెట్‌బ్లూ సంస్థలు 2020 జులైలో న్యూయార్క్, బోస్టన్ మార్గాల కోసం నార్త్‌ఈస్ట్ అలయన్స్ ప్రకటించాయి. కోడ్‌షేర్‌తో పాటు, ఎవరు ఏ మార్గం నడపాలో, ఎన్ని సీట్లు పెట్టాలో కలిసి నిర్ణయించుకొని ఆదాయం పంచుకొనేవి. తాము ధరలు కలిసి నిర్ణయించుకోవడం లేదన్నది వాళ్ల వాదన. 2021 సెప్టెంబరులో న్యాయశాఖ కేసు వేసింది. 2023 మేలో బోస్టన్ ఫెడరల్ న్యాయమూర్తి సొరోకిన్ ఆ ఒప్పందం పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చారు, 2024 నవంబరులో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. కోర్టు తప్పుపట్టింది కోడ్ తగిలించడాన్ని కాదు, పోటీదారులు మార్గాలు పంచుకోవడాన్ని. ధర గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండానే, సీట్లు ఎన్ని ఉండాలో కలిసి తేల్చుకుంటే ధర దానంతటదే తేలుతుంది.

ఆస్ట్రేలియాలో ఒకే అధికార సంస్థ మూడు రకాలుగా స్పందించింది. 2013లో క్వాంటాస్, ఎమిరేట్స్ భాగస్వామ్యాన్ని ఐదేళ్లకు అనుమతించింది. రెండూ పోటీపడే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మార్గాల్లో మాత్రం సీట్ల సంఖ్య తగ్గించకూడదని షరతు పెట్టింది. 2021లో క్వాంటాస్, జపాన్ ఎయిర్‌లైన్స్ ప్రతిపాదనను పూర్తిగా తిరస్కరించింది.

రన్‌వేచివర
షరతులు బాగానే ఉంటాయి. 2010లో బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్, ఐబీరియా కూటమిని అనుమతిస్తూ యూరోపియన్ కమిషన్ లండన్ నుంచి బోస్టన్, న్యూయార్క్, డల్లాస్, మయామీ మార్గాలకు పోటీదారులకు స్లాట్లు, అంటే విమానాశ్రయంలో దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయాలు, వదలాలంది. నింపుకోవడానికి కనెక్షన్ ప్రయాణికులు లేకుండా స్లాట్ మాత్రం చేతికిస్తే, బావి దగ్గరికి తాడు లేని చేద ఇచ్చి పంపినట్లే.

చట్టంచూపు
అందుకే ఆ షరతుల్లో స్లాట్లతో పాటు, కనెక్షన్ ప్రయాణికులను అందించే ఒప్పందాలూ, తరచు ప్రయాణించేవారికి బహుమతిగా మైళ్లు జమచేసే పథకంలో ప్రవేశమూ చేర్చారు. చాలుతాయా అన్నది వేరే వాదన, తాడు ఉందన్నది మాత్రం నిజం.

రన్‌వేచివర
తాడు ఉంది, పొడవు బావి యజమాని చేతిలో ఉంది.

మధ్యసీటు
మైళ్ల మాట వచ్చింది కాబట్టి నా పాపం ఒప్పుకుంటాను. అదే గమ్యానికి చవకగా నేరుగా వెళ్లే విమానం ఉండగా, కూటమి మైళ్ల కోసం రెండుచోట్ల దిగి మధ్యసీటులో పద్దెనిమిది గంటలు కూర్చున్నాను. దిగాక చూస్తే, ఆ ఛార్జీ తరగతి కోడ్‌షేర్ టికెట్‌కు మైళ్లు రావట.

పాతకౌంటర్
వస్తాయో రావో కొనేముందు ఆ తరగతి అక్షరం చూసి తెలుసుకోవచ్చు. ఎవరూ చూడరు, అది వేరే సంగతి.

కిటికీసీటు
ఇదంతా చదివాక నా మార్గాన్ని మళ్లీ పరిశీలించాను. ఈసారి పేర్లు వదిలేసి, బయలుదేరే సమయాలు మాత్రమే కాగితం మీద రాసుకున్నాను. వెబ్‌సైటు పదకొండు ఎంపికలు చూపింది. సమయాలు చూస్తే నేరుగా వెళ్లే విమానాలు రోజుకు రెండే. ఒకటి ఒక సంస్థది, రెండోది మరో సంస్థది. ఇద్దరూ ఒకరి విమానాల మీద ఒకరు కోడ్ పెట్టుకున్నారు. పైగా ఇద్దరిదీ ఒకే కూటమి. అంటే నాది లెక్కలపుస్తకం గారి ఇత్తడి కాదు, నీలిరెక్క గారి రాగి. అవునా?

లెక్కలపుస్తకం
నేరుగా వెళ్లే మార్గం వరకు అవును, అనుమానించవలసిన రకమే. ఆ ఇద్దరికీ ధర కలిసి నిర్ణయించుకొనే మినహాయింపు ఉందో లేదో చూడాలి. ఉంటే మీకు ఎదురుగా ఉన్నది ఒక్కడే. లేకపోతే కనీసం చట్టం దృష్టిలో ఇద్దరు.

నీలిరెక్క
చట్టం దృష్టిలో ఇద్దరు, టికెట్ కొనేవాడి దృష్టిలో పదకొండు మంది, సమయాల కాగితం మీద రెండు విమానాలు.

లెక్కలపుస్తకం
ఆగండి, మధ్యలో ఒకచోట దిగి ఎక్కే ప్రయాణాలు కూడా పోటీయే. సమయం మీద పట్టింపు లేనివాడికి మూడో సంస్థ హబ్ మీదుగా వెళ్లే దారి ఈ ఇద్దరినీ అదుపులో పెడుతుంది. వ్యాపారపు పని మీద వెళ్లేవాడికి ఆ దారి దారే కాదు. అందుకే ఈ రెండు రకాల ప్రయాణికులను అధికారులు విడివిడిగా చూస్తారు.

కిటికీసీటు
సరిగ్గా అదే చేశాను. వచ్చే ప్రయాణానికి ఈ ఇద్దరి పేర్లూ లేని మూడో సంస్థను ఎంచుకొని, దాని హబ్‌లో నాలుగు గంటలు ఆగే టికెట్ కొన్నాను. పైగా ధర కూడా తక్కువే. స్వతంత్రుడికి నా ఓటు వేశానన్న తృప్తి ఉంది.

పాతకౌంటర్
మంచిదే. రెండో అంచె ఫ్లైట్ నంబరులో ఎన్ని అంకెలున్నాయి?

కిటికీసీటు
నాలుగు.

కిటికీసీటు
ఇప్పుడే చిన్న అక్షరాలు చదివాను. రెండో అంచె నడిపేది ఆ ఇద్దరిలో మొదటివాడు.

మధ్యసీటు
పక్కసీటాయన ఈసారి ఎంత పెట్టి కొన్నాడో అడగడం మరిచిపోకండి.